కారు కింది కడ్డీ విరిగితే

(పాల సంఘాల కార్యదర్శుల సమావేశంలో ఒక గ్రామ సంఘం పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



మేత గురించో వెన్న శాతం గురించో చెప్పక ఈ కారు గొడవ ఏమిటని మీరు అనుకోవచ్చును. మేము కూడా కారును సంఘం పనిలో ఒక భాగంగా ఏనాడూ చూడలేదు. ఒక ఇనుప కడ్డీ విరిగినందువల్ల మా ఊళ్ళో పదకొండు పశువుల ఎద తప్పిపోయిన తరువాతనే చూడడం మొదలుపెట్టాము. ఎద తప్పితే మరల ఇరవై ఒక్క రోజులు ఆగవలె. ఆ మేరకు ఈతా వెనక్కు పోతుంది, పాలూ వెనక్కు పోతాయి. అందుచేత ఈ సంగతి మీకు చెప్పడం మా బాధ్యత అనుకుంటున్నాము.

మా గోపాలమిత్ర తిరగడానికి సంఘం తరఫున ఒక పాత మారుతి 800 కొన్నాము. వెనుక సీటు తీసి, అక్కడ వీర్య నాళికలు ఉండే ద్రవ నత్రజని డబ్బా పెట్టుకున్నాము. ఆ డబ్బాలో చలి సున్నాకు 196 డిగ్రీలు దిగువన ఉంటుంది. డబ్బా నిటారుగా ఉన్నంతవరకే దానితో పని. ఒరిగితే నత్రజని కారిపోతుంది, నాళికలు చెడిపోతాయి.

కారు ముందు భాగంలో అడ్డంగా ఒక స్ప్రింగు ఉక్కు కడ్డీ ఉంటుంది. స్వే బార్ అన్నా, స్టెబిలైజర్ బార్ అన్నా, యాంటీ రోల్ బార్ అన్నా అదే. నడుమ రెండుచోట్ల రబ్బరు బుష్‌లతో చట్రానికి బిగించి ఉంటుంది. రెండు కొనలూ రెండు చక్రాల లోయర్ ఆర్మ్‌లకు తగిలి ఉంటాయి. మలుపులో బండి ఒక పక్కకు ఒరిగితే ఆ కడ్డీ తడిబట్ట పిండినట్టు మెలిపడి, ఒరుగుడును ఆపుతుంది. రెండు చక్రాలూ ఒకేసారి లేచినప్పుడు మాత్రం ఊరికే తిరుగుతుంది, అడ్డుపడదు.

కడ్డీకి ఇంతే పని అనుకున్నాము. అక్కడే మా పొరపాటు. మారుతి 800 లో ఈ కడ్డీకి ఇంకొక పని కూడా ఉన్నది. చక్రం ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టి ఉంచేది కూడా అదే. 1950 లో బ్రిటనులో వచ్చిన ఫోర్డ్ కాన్సల్ కారులోనూ ఇదే ఏర్పాటు. ఒక భాగంతో రెండు పనులు చేయించుకొని ఖర్చు, బరువు తగ్గించుకోవడం అన్నమాట. బాగున్నంతకాలం మంచి ఉపాయమే. విరిగిననాడు రెండు పనులూ ఒక్కసారే ఆగిపోతాయి.

మా కారు ముందుగానే హెచ్చరించింది. గతుకుల్లో కుడి ముందు చక్రం దగ్గర టక్కు టక్కుమని చప్పుడు వచ్చేది. బ్రేకు వేస్తే స్టీరింగు ఒక పక్కకు లాగేది. రెండు నెలలు ఊరుకున్నాము. బండి నడుస్తున్నది కదా! చివరకు బుష్ దగ్గర, బురద చేరి తుప్పు పట్టినచోట, కడ్డీ విరిగింది. వెల్డింగు చేయమని మెకానిక్‌ను అడిగినది మేమే. డబ్బు మిగిలిందని కమిటీ మినిట్సులో కూడా రాసుకున్నాము. కాబట్టి ఆయనను తప్పుపట్టము.

తొమ్మిదో రోజున, తెల్లవారుజామున, కాలువ గట్టు మలుపులో గోపాలమిత్ర బ్రేకు వేశాడు. అతుకు పక్కనే కడ్డీ మరల విరిగింది. చక్రం వెనక్కు జరిగి టైరు మడ్‌గార్డుకు ఒరుసుకున్నది. కారు కాలువ అంచుకు జానెడు దూరంలో ఆగింది. డబ్బా పడిపోయి నత్రజని అంతా కారిపోయింది. మూసి ఉన్న కారులో ఆ వాయువు నిండితే ఊపిరి ఆడదు. కిటికీ అద్దం దించి ఉండడం వల్ల, అతడు వెంటనే దిగిపోవడం వల్ల బతికి బయటపడ్డాడు. ఇద్దరు పిల్లల తండ్రి. మినిట్సులో మిగిలిన డబ్బు సంగతి ఆనాటి నుండి మేము ఎత్తడం లేదు.

స్ప్రింగు ఉక్కుకు వేడిచేసి, చల్లార్చి పదును పెడతారు. వెల్డింగు వేడికి ఆ పదును చెడుతుంది. అతుకు గట్టిగానే ఉండవచ్చును, దాని పక్కనున్న లోహం పెళుసెక్కి చిట్లుతుంది. ఈ కడ్డీ రోజుకు వేలసార్లు మెలిపడేది కనుక దీనికి వెల్డింగు పనికిరాదు. కొత్తది వేయవలసిందే.

అప్పుడు మాలో కొందరు, ఎలాగూ మారుస్తున్నాము గదా, ఇంకా లావుపాటిది వేద్దామన్నారు. దీని లెక్క తెలుసుకోదగినది. మెలికకు ఎదురునిలిచే శక్తి మందంలో నాలుగవ ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. ఉదాహరణకు 20 మిల్లీమీటర్ల కడ్డీకి బదులు 22 వేస్తే బిగువు దాదాపు ఒకటిన్నర రెట్లు, 24 వేస్తే రెట్టింపుకు పైన. వినడానికి బాగానే ఉన్నది. కాని ముందు కడ్డీ ఒక్కటే అంత బిగిస్తే మలుపులో ముందు టైర్లు తొందరగా పట్టు వదలి, బండి మలుపు దాటి బయటకు పోతుంది. మన గతుకుల దారిలో ఒక చక్రానికి తగిలిన దెబ్బ రెండో చక్రానికి కూడా పాకుతుంది. పందెం కార్ల వారికి అది అవసరమేమో. మాకు కంపెనీ కొలతదే చాలునని తీర్మానించాము.

బిగింపులో ఒక కిటుకు ఉన్నది. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బుష్‌లను పూర్తిగా బిగించరాదు. అలా బిగిస్తే కారు కిందికి దిగినప్పటినుండి రబ్బరు మెలిపడే ఉండి త్వరగా చిరుగుతుంది. ముందు వదులుగా ఎక్కించి, కారును నేలమీదికి దించి, బరువు పడ్డాక బిగించవలెను. రెండు పక్కల బుష్‌లూ కొత్తవే వేయవలెను, పగిలినది ఒక్కటే కాదు. రబ్బరుకు గ్రీజు, డీజిలు పూయరాదు, ఉబ్బిపోతుంది. జాకీ ఒక్కదానిని నమ్మి కారు కిందికి దూరవద్దు, స్టాండ్లు పెట్టండి. పని అయ్యాక చక్రాల అలైన్‌మెంటు చూపించండి. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక నట్లు మరొకసారి చూడండి.

మీ సంఘాల బండ్లన్నీ ఇలాంటివే కావు. చాలా వాటిలో కడ్డీ కొనలకు పొట్టి లింకులు ఉంటాయి, చక్రాన్ని పట్టి ఉంచే పని వేరే ఆర్ములు చేస్తాయి. అటువంటి బండికి లింకు విరిగితే మలుపులో ఒరుగుడు ఎక్కువవుతుంది. సరుకు దించి, మెల్లగా షెడ్డుకు చేర్చవచ్చును. మారుతి 800 వంటి ఏర్పాటు అయితే ఒక్క అడుగు కూడా నడపవద్దు. లాగించుకొని పోవలసిందే. మీ బండి ఏ రకమో విరగకముందే మెకానిక్‌ను అడిగి తెలుసుకొని, లాగుబుక్కు మొదటి పేజీలో రాసి పెట్టండి.

డబ్బాకు ఇప్పుడు చెక్క చట్రం చేయించి బెల్టు వేశాము. కిటికీ కొంచెం దించనిదే కారు కదపకూడదని నియమం పెట్టుకున్నాము. మా కారు బయట చెట్టు కింద ఉన్నది. టీ అయ్యాక రండి, పాత కడ్డీ విరిగిన చోటూ, కొత్తది బిగించిన తీరూ చూపిస్తాము.