చిన్న యంత్రమునకుఁ దగిన తెర



యంత్రము లోలోపల నెంత గణించినను, చూచువానికిఁ దెలియనిచో ప్రయోజనము శూన్యము. మేడమీఁది తొట్టిలో నీరెంత యున్నదో తెలుపుటకు ఆర్డ్యునో ఊనోతోఁ బరికరము కూర్చుకొనువారు ఎట్టి తెరను గొనవలయునో విన్నవించెదను.

అంగడిలో రెండు రకములు సులభముగ లభించును. మొదటిది వరుసకు 16 అక్షరముల చొప్పున రెండు వరుసలు గల ఎల్‌.సి.డి. ఇది వెలుతురునందు స్ఫుటముగఁ గనఁబడును. కాని దీనికిఁ దెలుఁగు రాదు. మనము కల్పింపఁదగిన రూపములు ఒక్కమాఱునకు ఎనిమిదే. రెండవది అడ్డముగ 128, నిలువుగ 64 చుక్కలు గల ఓ.ఎల్‌.ఇ.డి. ఇది స్వయంప్రకాశము. దీనిపైఁ జుక్కలతో "చాలు" అని పెద్ద యక్షరములు తీర్పవచ్చును. ఎండలో మాత్రము వెలవెలఁబోవును. తెర నిండ బొమ్మకు సాధారణముగ 1024 బైట్లు పట్టును. ఊనో ఆర్‌3కున్నవి 2048 మాత్రమే.

పంపు నాపవలసినది ఇంటి ముసలమ్మ యైనచో, ఆమె చదువు లిపియే ప్రమాణము. అంకెలు చాలునన్నవారికి మొదటిది, తెలుఁగు మాట కావలెనన్నవారికి రెండవది మేలు.

కలుపునప్పుడు విద్యుత్తు నాపుఁడు. ఐ.టు.సి. జోడించిన తెరకు నాలుగే తీగలు. జి.ఎన్‌.డి.ని జి.ఎన్‌.డి.కిని, ఎస్‌.డి.ఏ.ను ఏ4కును, ఎస్‌.సి.ఎల్‌.ను ఏ5కును గలుపుఁడు. వి.సి.సి.కి ఎల్‌.సి.డి. యైనచో 5 వోల్టులు, ఓ.ఎల్‌.ఇ.డి. యైనచో అమ్మువాఁడు చెప్పినన్ని. కొన్నిటియందు మొదటి రెండు కాళ్ళు తాఱుమాఱుగ నుండును. పేరు చదివి కలుపుఁడు, లేనిచో తెర చెడును. ఎల్‌.సి.డి. వెలుఁగుచు నక్షరము కనఁబడనిచో, వెనుకనున్న మరను మెల్లగఁ ద్రిప్పి చూడుఁడు.

వెల చూచుటకు ముందు, చదువువారి కన్నులను దలఁచుకొనుఁడు.