పట్టిసీమ రేవు భద్రత

వీరభద్రస్వామియు భావనారాయణస్వామియు వెలసిన పట్టిసీమ కొండ గోదావరి నడుమ నున్నది. కావున ఆ కొండకు రేవే రాజమార్గము. రేవు భద్రతయే గ్రామభద్రత.

మహాశివరాత్రినాఁడు వేలకొలది భక్తులు నది దాటుదురు. దీపములు, త్రాగునీరు, మెట్లదారి మున్నగువానిని గూర్చి పంచాయతీవారు యోచింతురు, యోచింపవలసినదే. అయినను వానియన్నింటికంటె మున్ను తలఁపవలసినది పడవ బరువు. 2019 సెప్టెంబరు 15న, వరద యింకను తీయకమున్నే పాపికొండల విహారమునకు బయలుదేరిన పడవ కచ్చులూరు వద్ద మునిగి, పదులకొలది ప్రాణములను బలిగొన్న సంగతి మనమెట్లు మఱవఁగలము? తరువాత ప్రభుత్వము తీరమున కంట్రోలు రూములను నెలకొల్పినది. మంచిపని. కాని అది చాలునా? చాలదని నా దృఢాభిప్రాయము. “పడవ నిండినది, ఇఁక నెక్కవలదు” అని పలుకుటకును, పలికిన మాట చెల్లించుకొనుటకును అధికారము గల మనిషి రేవుగట్టుననే నిలిచియుండవలెను. ఎందఱెక్కవచ్చునో ఆ పరిమితిని పడవమీఁదను, రేవునను పెద్ద యక్షరములతో వ్రాయింపవలెను. ఎంత వేడుకొన్నను, ఎంత తొందర యున్నను, ఆ పరిమితి దాటరాదు.

తీరగ్రామవాసులారా, వచ్చు గ్రామసభలో ఆ పరిమితితోపాటు ఈ తీర్మానమును గూడ కోరుఁడు: లైఫ్ జాకెట్టు తొడుగనివారిని, పసిబిడ్డలైనను పెద్దలైనను, పడవ నెక్కింపరాదు.