ఇంజినీరింగ్ చదివి నల్లకోటు వేసుకున్నాం



మా ఇద్దరినీ పిలిచి, మీరు చేసే పనేమిటో పిల్లలకు చెప్పమన్నారు. మేం ఆశ్రమ పాఠశాలలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. బీటెక్ మెకానికల్ చదివాం. ఉద్యోగాల కోసం రెండేళ్లు తిరిగాం. లాసెట్ రాసి లా కాలేజీలో చేరినప్పుడు, నాలుగేళ్ల చదువు దండగ చేశారని ఊళ్లో అందరూ అన్నారు. దండగ కాలేదు. పేటెంట్ ఏజెంటు పరీక్ష రాయాలంటే సైన్సో ఇంజినీరింగో డిగ్రీ ఉండాలి. పేటెంట్ చట్టం 126వ సెక్షన్‌లోనే ఆ మాట ఉంది.

పని ఎట్లుంటదంటే, ఒకాయన కొత్త యంత్రం చేసుకొని వస్తాడు. దాన్ని విప్పి చూసి, అందులో కొత్తదేమిటో మాటల్లో పెట్టాలి. నాలుగు కాళ్ల కుర్చీ అని రాశామనుకోండి, మూడు కాళ్లతో చేసినవాడు తప్పించుకుంటాడు. మొదటి ఏడాది మేం రాసిన కాగితాలన్నీ ఎర్రగీతలతో తిరిగొచ్చేవి.

ఇప్పుడు మన సంగతి. పసుపు గాయాన్ని మాన్పుతుందని 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చారు. మన సీఎస్‌ఐఆర్ సవాలు చేస్తే 1997లో రద్దయింది. ఎట్ల రద్దయింది? పాత పుస్తకాలు, పత్రికలు చూపించారు కాబట్టి. మన మందు పెద్దల నోట్లో ఉంది, పుస్తకంలో లేదు. సంప్రదాయ జ్ఞానానికి పేటెంట్ ఇవ్వకూడదని మన చట్టం చెప్తుంది, నిజమే. కానీ అది మనకు ముందే తెలుసని అధికారికి ఏం చూపిస్తాం? పోనీ రాసి పెడదామంటే, రాసింది ఎవరైనా చదువుకొని వాడుకోవచ్చు. దీని మీద మా ఇద్దరికే ఇప్పటికీ కుదరదు. ఒకరం రాయాలంటాం, ఒకరం వద్దంటాం.

కేరళలో కాణి గిరిజనులు 1987లో అడవిలో శాస్త్రవేత్తలకు ఆరోగ్యపచ్చ కాయ చూపించారు. దాంతో జీవని అనే మందు తయారైంది. లైసెన్సు సొమ్ములో, రాయల్టీలో సగం కాణివాళ్లకు అన్నారు. 1997లో ట్రస్టు పెట్టుకున్నారు. మంచిదే. అయితే మమ్మల్ని అడగలేదని కొన్ని గూడేలవాళ్లు అభ్యంతరం చెప్పారు. ఒప్పందం రాసేటప్పుడే వాళ్లలో ఒక వకీలు పక్కనుంటే బాగుండేదని మాకు అనిపిస్తుంది.

మన దగ్గర ఓజా అన్నలు మట్టి మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి, మైనం కరిగిన చోట లోహం పోస్తారు. ఆ ఆదిలాబాద్ డోక్రాకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. అందరం సంబరపడ్డాం. కానీ ఆ గుర్తింపును చట్టప్రకారం వాడుకోవాలంటే, చేసేవాళ్లు ఆథరైజ్డ్ యూజరుగా చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో పేరు రాయించుకోవాలి. జీఐని కూడా పదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఇవి ఎవరు చూస్తున్నారు?

భోజనాల తర్వాత ఆ దరఖాస్తులు పట్టుకొని వేపచెట్టు కింద కూర్చుంటాం. ఓజా కుటుంబాలవాళ్లు రండి. ఇంజినీరింగ్ చదివే పిల్లలు కూడా వచ్చి పక్కన కూర్చోండి. ఒక ఫారం మేం నింపుతాం, రెండోది మీరు నింపాలి.