సంచిలో బరువు, బల్లమీద వేగం

2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ ఓ కాగితపు కవరులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌ను బయటికి తీశారు. బరువు 1.36 కిలోలే. అంత పలచగా రావడానికి సీడీ డ్రైవ్ తీసేశారు, యూఎస్‌బీ పోర్టు ఒక్కటే ఉంచారు.

పెద్ద ల్యాప్‌టాప్ సత్తా చాలావరకు దాని ఫ్యాన్లలోనే ఉంటుంది. ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే వేడెక్కుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి చాలకపోతే, తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. గంటలకొద్దీ వీడియో ఎడిటింగ్ చేసేవారికి పలచటిదానికీ పెద్దదానికీ ఉన్న ఈ తేడా బాగా తెలుస్తుంది.

కానీ మోయాలి కదా! 16 అంగుళాల గేమింగ్ ల్యాప్‌టాప్ దాదాపు రెండున్నర కిలోలు, ఛార్జర్ బరువు అదనం.

కోడింగ్ నేర్చుకోవడానికి రోజూ అమీర్‌పేట బస్సెక్కే విద్యార్థికి చిన్నదే మేలు. ర్యామ్ 16 జీబీ ఉందో లేదో మాత్రం కొనేముందే చూసుకోవాలి. పలచటి వాటిలో చాలావాటికి తర్వాత పెంచుకునే వీలుండదు.