రోడ్డు సైకిలుకు ఎంత పెట్టాలి?

హైదరాబాద్ అవుటర్ రింగు రోడ్డు పక్కన, 2023లో వచ్చిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీద తొక్కాలని ఖరీదైన రోడ్డు సైకిలు కొనబోతున్నారా? లక్షలు పోసే ముందు ఒక్కమాట.

షిమానో కంపెనీ '105' అనే గేర్ల సెట్టుకూ, ఆ కంపెనీ రోడ్డు సైకిలు సెట్లలో అన్నిటికన్నా పైనున్న డ్యూరా-ఏస్‌కూ ధరలో చాలా తేడా. ఇప్పటి మోడళ్లలో రెండింటికీ వెనక 12 గేర్లే. డ్యూరా-ఏస్‌తో తగ్గేది కొన్ని వందల గ్రాముల బరువు. కానీ చదును దారిలో వేగం పెరిగేకొద్దీ మనల్ని వెనక్కి లాగేది గాలి. అందులో ఎక్కువ భాగం తగిలేది మన ఒంటికే, సైకిలుకు కాదు. అందుకే ఫ్రేము సైజు, సీటు ఎత్తు మీకు కుదరడమే నా దృష్టిలో అసలు విలువ.

ఖరీదైన సైకిళ్లకు చాలావరకు పెడళ్లు కూడా విడిగా కొనాలి. హెల్మెట్, లైట్లు, సర్వీసింగ్‌కూ డబ్బు మిగుల్చుకోండి. తొక్కి చూడకుండా మాత్రం అడ్వాన్సు కట్టకండి.