అతిథి వెళ్తే కూలిపోయే ఇల్లు
(కోసిగి పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

రసాయనశాస్త్రం బోధించి రిటైరైనవాణ్ణి కనుక ఆ విషయమే నాలుగు మాటలు మనవి చేస్తాను.

సుగ్గి కాలం వస్తే మన కోసిగిలో ఎన్నో ఇళ్లకు తాళాలు పడతాయి. మనుషులు గుంటూరు వైపు మిరప కోతలకు పోయినా ఇళ్లు నిలిచే ఉంటాయి. కొన్ని స్ఫటికాల సంగతి అలా కాదు. అతిథి వెళ్లిపోతే ఇల్లే కూలిపోతుంది.

మనం పొలానికి చల్లే యూరియానే తీసుకోండి. తిన్నని, పొడవాటి హైడ్రోకార్బన్ అణువులు తోడైతే యూరియా అణువులు వాటి చుట్టూ ఆరు పలకల గొట్టంలా అల్లుకుంటాయి. కొమ్మలున్న అణువులు అందులో పట్టవు. 1940లో జర్మనీలో బెంగెన్ కనిపెట్టిన ఈ గుణం పెట్రోలియంలోని అణువులను వేరుచేయడానికి పనికొచ్చింది. లోపలి అతిథిని తీసేస్తే గొట్టం చెదిరి మామూలు యూరియా మిగులుతుంది.

మరి ముందే ప్లాను గీసి ఇలాంటి ఇల్లు కట్టగలమా? కష్టమే. అణువులు సందు లేకుండా సర్దుకోవాలనే చూస్తాయి. ఈ విద్యకు మన హైదరాబాద్ విశ్వవిద్యాలయం పేరు తెచ్చింది. అక్కడ పనిచేస్తూ గౌతమ్ దేశిరాజు గారు 1989లో క్రిస్టల్ ఇంజనీరింగ్‌పై గ్రంథం వెలువరించారు. అక్కడివారే అయిన అశ్వినీ నంగియా గారి బృందం, హాంగ్‌కాంగ్ శాస్త్రజ్ఞులతో కలిసి, 1999లో మూడు చేతుల ట్రయజీన్ అణువు గురించి ప్రకటించింది. ప్రతి చేతి కొసన ఒక బ్రోమిన్ ఉంటుంది. మూడు అణువుల బ్రోమిన్లు ఒకచోట త్రికోణంగా కలుసుకుంటాయి. అలా అల్లుకున్న చట్రంలో అతిథులకు చోటు ఏర్పడుతుంది.

దీనితో మనకేం పని అంటారేమో. మందులు స్ఫటికంగా మారేటప్పుడు ద్రావకం అణువులు లోపల చిక్కుకోవచ్చు. అవి హద్దు మించితే హాని. ఎలా చిక్కుతాయో తెలిస్తేనే వదిలించడం తెలుస్తుంది. పిండిపదార్థం నుంచి చేసే సైక్లోడెక్స్‌ట్రిన్ అనే ఉంగరంలాంటి అణువైతే, నీట సరిగా కరగని మందును కడుపులో పెట్టుకుని కరిగేలా చేస్తుంది.

అతిథి వెళ్లినా కూలని ఇళ్లూ వచ్చాయి. లోహాన్ని, కర్బన అణువులను కలిపి కట్టిన అటువంటి చట్రాలకే 2025లో కిటగావా, రాబ్సన్, యాఘీలకు నోబెల్ బహుమతి లభించింది. వాటిలో కొన్ని ఎడారి గాలిలోని తేమను రాత్రి పట్టి, పగటి ఎండకు నీరుగా విడుస్తాయి. రేపే మన చెరువులు నిండుతాయని అనను. కానీ వానకు ముఖం వాచిన సీమలో పుట్టిన మన మనుమలు, మనుమరాళ్లు ఈ చదువు చదువుతామంటే, “ఉద్యోగం వస్తుందా?” అని మాత్రమే అడగకండి. చదవనివ్వండి.