నైరోబీ నుంచి తీకా దాకా: కెన్యా పట్టణాల స్వపరిపాలన



ఎవరి స్మృతిలో మనం ఇక్కడ కూడామో ఆ మాస్టారు పురపాలన బోధించేటప్పుడు చట్టం పుస్తకం కంటే ముందు జమాఖర్చుల పద్దు తెరిపించేవారు. పన్ను వేసేదెవరు, వసూలైన సొమ్ము ఏ ఖజానాకు చేరుతుంది అన్నవి తేలితే ఊరికి స్వపరిపాలన ఉన్నదీ లేనిదీ తేలుతుందనేవారు. ఆ దారినే పట్టుకుని ఇవాళ కెన్యా పట్టణాల కథ చెబుతాను.

నైరోబీ రైల్వే శిబిరంగా మొదలైంది. మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు వైపు సాగిన రైలుమార్గం 1899లో అక్కడి చిత్తడినేలకు చేరింది. ఆ పట్టాలు వేసిన కూలీల్లో ఎక్కువమంది పంజాబు నుంచి వెళ్ళినవాళ్ళు. మరుసటి ఏడాదే మునిసిపల్ నిబంధనలు వచ్చాయి. ప్రభుత్వ కార్యాలయం చుట్టూ మైలున్నర మేర పట్టణమని నిర్ణయించారు. 1919లో మునిసిపల్ కౌన్సిల్, 1950లో రాజశాసనంతో నగర హోదా. ఇన్ని మెట్లెక్కిన పట్టణంలో ఆఫ్రికన్లు పుమ్వానీ వంటి కేటాయించిన పేటల్లో, చాలాకాలం మెడలో కిపాండే గుర్తింపు పత్రం వేలాడేసుకుని బతికారు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక గానీ కౌన్సిల్లో వారికి చోటు దొరకలేదు. తొలి ఆఫ్రికన్ మేయర్‌గా చార్లెస్ రుబియా 1962లో వచ్చారు. స్వాతంత్ర్యానికి అది కేవలం ఏడాది ముందు.

1963 నాటి రాజ్యాంగం ప్రాంతాలకు సొంత శాసనసభలిచ్చింది. మజింబో అని పిలిచే ఆ ఏర్పాటుకు రొనాల్డ్ న్గాలా నాయకత్వంలోని కాడు పార్టీ పట్టుబట్టింది. దేశ తొలి ప్రధాని జొమో కెన్యాటాకు అది మొదటినుంచీ ఇష్టం లేదు. 1964 నవంబర్లో కాడు తనను తాను రద్దు చేసుకుంది, డిసెంబర్లో కెన్యా గణతంత్రమైంది, ప్రాంతాల అధికారాలు కరిగిపోయాయి. తర్వాత వంతు స్థానిక సంస్థలది. 1969 చట్టంతో గ్రామీణ కౌంటీ కౌన్సిళ్ళ చేతిలోంచి ప్రాథమిక విద్య, వైద్యం, రోడ్లు కేంద్రానికి వెళ్ళాయి. నైరోబీ వంటి పెద్ద మునిసిపాలిటీలకు ఆ బాధ్యతలు మిగిలాయి. అయితే వాటిని పోషించిన వ్యక్తిగత పన్ను 1970ల మొదట్లోనే చేజారింది. బడులూ ఆస్పత్రులూ కౌన్సిల్ నెత్తిన, రాబడి మాత్రం కేంద్రం పెట్టెలో. నైరోబీ చెత్తకుప్పల గురించీ ఎండిన కుళాయిల గురించీ ఎంతో రాశారు. నన్నడిగితే ఆ రోగానికి మూలం ఇక్కడుంది.

1983లో, కెన్యాటా తర్వాత అధ్యక్షుడైన మోయ్ ప్రభుత్వం ఎన్నికైన నగర కౌన్సిల్‌ను రద్దుచేసి, తాను నియమించిన కమిషన్‌కు నగరాన్ని అప్పగించింది. బహుళపార్టీ ఎన్నికలు వచ్చిన 1992 దాకా అదే పాలన. ఆదాయపు పన్నులో 5 శాతం స్థానిక సంస్థలకు పంచాలన్న చట్టం 1998లో వచ్చింది.

2007 ఎన్నికల తర్వాతి హింసలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. అధికారమంతా ఒక్క కుర్చీ చుట్టూ పోగుపడితే ఏమవుతుందో దేశం కళ్ళారా చూసింది. 2010 ఆగస్టు 4న ప్రజాభిప్రాయ సేకరణలో గెలిచిన రాజ్యాంగానికి నెత్తుటితో వచ్చిన ఆ తెలివిడే పునాది. 47 కౌంటీలు, ఒక్కోదానికి ఎన్నికైన గవర్నర్, శాసనసభ. జాతీయ రాబడిలో కౌంటీలకు 15 శాతానికి తగ్గని వాటా. ఆఫ్రికాలో ఇంత ధైర్యంగా అధికారాన్ని కిందికి దింపిన రాజ్యాంగాలు అరుదు. మనసారా మెచ్చుకుంటాను.

కానీ ఆ అధికారం కౌంటీ గుమ్మం దగ్గరే ఆగింది. 2013లో 175 పాత స్థానిక సంస్థలు, వాటితోపాటు మేయర్లు, కౌన్సిలర్లు మాయమయ్యారు. పట్టణాల పాలనను 184వ అధికరణం పార్లమెంటు చట్టానికి వదిలింది. 2011లో వచ్చిన ఆ చట్టం బోర్డులను పెట్టింది. వృత్తి సంఘాలు, వ్యాపారులు, నివాస సంఘాలు పేర్లు పంపవచ్చు, నియామకం మాత్రం కౌంటీ చేతిలో ఉంటుంది. చాలాచోట్ల బోర్డులే ఏర్పడలేదు. ప్రపంచబ్యాంకు పట్టణ నిధులకు మునిసిపల్ చార్టర్, బోర్డు ఉండాలన్న షరతు పెట్టాక గవర్నర్లు కదిలారు. సొంత రాజ్యాంగం చేయించలేని పనిని రుణదాత షరతు చేయించడం నన్ను బాధిస్తుంది.

నైరోబీ నగరమూ కౌంటీ ఒకటే గనుక దానికి ఎన్నికైన గవర్నర్ ఉన్నాడు. అయినా 2020 ఫిబ్రవరిలో, అవినీతి కేసులో కోర్టు ఆంక్షలతో కార్యాలయానికి దూరమైన గవర్నర్ మైక్ సోంకో ఆరోగ్యం, రవాణా, ప్రజాపనులు, ప్రణాళికలను కేంద్రానికి రాసిచ్చారు. వాటిని నడపడానికి ఒక మేజర్ జనరల్ వచ్చారు. 1983కూ దీనికీ తేడా ఉందని ఒప్పుకోవాలి. ఈసారి ఒప్పందపత్రం ఉంది, గడువు ఉంది, 2022లో ఆ పనులు తిరిగి కౌంటీకి చేరాయి. రాజ్యాంగం ఆ మేరకు కాపాడింది.

తీకాకు ఆ పాటి రక్షణ కూడా లేదు. పరిశ్రమలకు, అనాస తోటలకు పేరుపడిన ఆ పట్టణానికి ఒకప్పుడు మేయర్ ఉండేవాడు. ఇప్పుడక్కడి ఆస్తిపన్ను, పార్కింగ్ రుసుము కియాంబు కౌంటీ నిధికి వెళతాయి. బోర్డు స్థానాల్లో సగమైనా ఓటుకు పెట్టాలని, పట్టణంలో వసూలైనదానిలో తెలిసిన వాటా పట్టణానికే ఉండాలని నేను కోరుకుంటాను. నేను చదివినంతలో దానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, పార్లమెంటు చట్టం చాలు. తీకా సంతలో కూరలమ్మే మనిషి ఎన్నికలనాడు ఆరు ఓట్లు వేస్తుంది: అధ్యక్షుడికి, గవర్నర్‌కు, సెనేటర్‌కు, ఎంపీకి, మహిళా ప్రతినిధికి, వార్డు సభ్యుడికి. తన పట్టణ బోర్డుకు వేయడానికి ఆమెకు ఏడో ఓటు లేదు.